గాలి కన్నాల్లో తెల్ల చొక్కాలు

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఎప్పుడైనా మా ఇంటికి వస్తే, "సార్, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా కంగారుపెట్టిన బిల్డింగు ఏదండీ?" అని అడుగుతుంటారు. మూడంతస్తులకు అనుమతి తీసుకుని ఐదు లేపినవాళ్ళ గురించో, కాలవగట్టును ప్రహరీలోకి కలిపేసుకున్నవాళ్ళ గురించో చెబుతానని వాళ్ళ ఆశ. "ఒక కారు షెడ్డు" అంటాను. వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. చెప్పడం అయ్యాక మాత్రం ఎవరో ఒకరు లేచి కిటికీ రెక్క తెరుస్తారు.

మీరూ ఆ పిల్లల ఈడువాళ్ళే అయ్యుంటారు కనుక అదే సంగతి మీకూ చెబుతాను.

నేను కోనసీమలో ఒక పట్టణంలో టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు కట్టుకునేవాళ్ళు ప్లాను పెట్టుకుంటారు. అది నిబంధనలకు సరిపోయిందా అని చూడడం, కట్టడం పూర్తయ్యాక వెళ్ళి కాగితం మీద ఉన్నదే నేల మీద ఉందా అని చూసి రావడం మా పని. కాగితమూ నేలా ఒకటిగా ఉన్న ఇల్లు కనిపించిన రోజు మేం టీ తాగి పండగ చేసుకునేవాళ్ళం. అలాంటి రోజులు ఎక్కువ రాలేదు.

ఆ షెడ్డు దరఖాస్తు తెచ్చినాయన కాలేజీలో కామర్సు చెప్పే లెక్చరరు. అంబాజీపేట వెళ్ళే రోడ్డులో, ఊరు దాటీ దాటగానే ఉంది వాళ్ళ ఇల్లు. ఇంటి వెనక కొబ్బరి తోట. ఇంటికి అంటకుండా, తోట మొదట్లో విడిగా ఒక కారు షెడ్డు కట్టుకుంటామని ప్లాను పెట్టాడు. నాలుగు గోడలు, ముందు షట్టరు, పక్కన మనుషులు వెళ్ళడానికి చిన్న తలుపు, పైన స్లాబు. గాలి ఆడడానికి ఒక్క కన్నం కూడా లేదు.

"వెంటిలేటర్లు చూపించలేదేంటండీ?" అని అడిగాను.

"కారుకి గాలెందుకండీ? అదేమన్నా ఊపిరి పీలుస్తుందా?" అని నవ్వాడు.

"పీల్చదండీ. వదుల్తుంది" అన్నాను.

ఇక్కడ కొంచెం మా పని గురించి చెప్పాలి, తరవాత విసిగించను. నాలుగు పక్కలా మూసే షెడ్డైతే ఎదురెదురు గోడల్లో నేలకి జానెడు ఎత్తులో కొన్ని కన్నాలు, కప్పు కింద కొన్ని ఉండాలి. జాలీ పెట్టుకోవచ్చు గాని, మూతపడే తలుపులు పెట్టకూడదు. పెట్రోలు ఆవిరి బరువైంది, నేలబారున పడుంటుంది. ఇంజను పొగ గదంతా కలిసిపోతుంది. కింద నుంచి గాలి వచ్చి పైనుంచి పోతుంటే రెండూ దానితో పాటే పోతాయి. అంతే. బొమ్మలో ఇవి చిన్న చిన్న గళ్ళలా కనిపిస్తాయి కాబట్టి ఎవరూ లెక్కచెయ్యరు.

"కింద కన్నాలు పెడితే పాములొస్తాయండీ. వెనకంతా తోట కదా" అన్నాడాయన.

"సన్న కళ్ళ జాలీ వేయించండి. పాము రాదు, గాలి వస్తుంది."

"ఆయ్, అలాగేనండీ" అన్నాడు, కోనసీమవాళ్ళు ఔననడానికి అనేట్టే. లేచి వెళ్ళబోతూ, ఎందుకో చెప్పాలనిపించినట్టు ఆగాడు. "అది మా మావయ్యగారి కారండీ. పాత పెట్రోలు బండి. ఆయన కాలం చేసి ఏడాది కాలేదు. టార్పాలిన్ కింద అది వానకి తడుస్తుంటే అత్తయ్యగారు చూళ్ళేకపోతున్నారు. రాత్రుళ్ళు లేచి గొడుగు పట్టుకుని దాని పక్కన నిలబడుతున్నారండీ."

ప్లాను సరిచేసి తెచ్చాడు. కింద కన్నాలు, పైన వెంటిలేటర్లు అన్నీ ఉన్నాయి. మంజూరు చేశాం.

షెడ్డు పూర్తయిందని కబురు వచ్చాక తనిఖీకి మా వార్డు ప్లానింగ్ సెక్రటరీని పంపాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. కోనసీమలోనే రాజోలు వైపు పిల్ల. స్కూటీ మీద తిరుగుతూ, ఎండైనా వానైనా ప్రతి గోడా టేపుతో కొలిచిగాని వచ్చేది కాదు. అలాంటి అమ్మాయి ఆ రోజు మధ్యాహ్నం కాకముందే ఆఫీసుకు తిరిగొచ్చింది. కుర్చీలో కూర్చుని నా గ్లాసులో నీళ్ళు తాగేసింది.

"ఏమైందమ్మా?"

"గోడలోంచి చెయ్యొచ్చింది సార్."

నేను నవ్వలేదు. ఆ అమ్మాయి మొహం నవ్వేలా లేదు.

షెడ్డు తాళం వేసి ఉందట. ఇంట్లో పలికినవాళ్ళు లేరు. బయటి నుంచైనా కన్నాలు కొలుద్దామని వంగి చూస్తే, జాలీ వెనక తెల్లగా ఏదో అడ్డం ఉంది. జాలీ ఒక మూల ఊడి ఉంటే అందులోంచి వేళ్ళు పెట్టి లాగింది. ఒక చొక్కా చెయ్యి బయటికొచ్చింది. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మణికట్టు దగ్గర గుండీ పెట్టి ఉంది. ఇంకొంచెం లాగుదామనుకునేసరికి లోపలి నుంచి ఎవరో ఆ చొక్కాను మెల్లిగా వెనక్కి లాక్కున్నారు.

"లోపల మనిషున్నారు సార్. బయట తాళం వేసుంది."

"పక్క తలుపు చూశావా?"

"చూళ్ళేదు సార్. వచ్చేశాను."

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. ఇంటి పక్క తోటలో కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళు గునపాలు పాతుకుని పనిచేసుకుంటున్నారు. షెడ్డు పక్కనే మంచి నీడ ఉన్నా దాన్ని వదిలేసి, దూరంగా ఎండలో కూర్చున్నారు. మా సెక్రటరీ కారణం అడిగితే, వాళ్ళలో పెద్దావిడ పని ఆపకుండానే చెప్పింది. "అక్కడ ఇద్దరు మాట్టాడుకుంటారండీ. ఉండేది ఒక్కరేనండీ."

లెక్చరరు అత్తగారు మాకు షెడ్డు పక్క తలుపు దగ్గరే ఎదురయ్యారు. హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మందికి చదువు చెప్పిన టీచరమ్మగారు. నలగని చీర, చేతికి గడియారం, జేబురుమాలు. కళ్ళు మెరుస్తున్నాయి, బుగ్గలు కందినట్టున్నాయి. అప్పుడే ఎవరితోనో సరదాగా కబుర్లు చెప్పి వచ్చినట్టున్నారు.

"నిన్న వచ్చింది నువ్వేనా అమ్మా? భయపెట్టేనా? నువ్వు చొక్కా లాగేస్తున్నావని పట్టుకున్నాను. అవి మావారివి" అన్నారు మా సెక్రటరీతో.

లోపలికి తీసుకెళ్ళారు. బయట అంత ఎండ ఉన్నా లోపల సాయంత్రంలా ఉంది. పాత పొగ వాసన, పెట్రోలు వాసన. క్రీము రంగు కారు, ముక్కు వెనక గోడ వైపు పెట్టి నిలబడి ఉంది. డ్రైవరు సీటు మీద వెనకటి ఆఫీసర్ల బళ్ళలోలా తెల్ల తువ్వాలు పరిచి ఉంది. నేల దగ్గర కన్నాలన్నిట్లోనూ చొక్కాలు. కంగారుగా కుక్కినవి కావు. ఒక్కొక్కటీ చక్కగా మడతపెట్టి, బీరువాలో సర్దినట్టు సర్దారు.

నేను తలెత్తి చూశాను. వెనక గోడకు కప్పు కింద వెంటిలేటర్లు ఉండాల్సిన చోట ఒక పెద్ద మొహం ఉంది.

జ్ఞాపకార్థ కూడికకు వేయించిన ఫ్లెక్సీ. మీకు తెలుసు కదా, మన వైపు మనిషి పోతే నాలుగు రోడ్ల కూడలిలో కట్టేది. కళ్ళజోడు, నెరిసిన మీసం, చిన్న నవ్వు. దానికింద 'ప్రభువునందు నిద్రించిన' అని తేదీ. ఆ ఫ్లెక్సీని గోడ ఇటు నుంచి అటు దాకా మేకులు కొట్టి బిగించారు. వెనక వెంటిలేటర్లలోంచి తోట గాలి వచ్చినప్పుడల్లా అది ఉబ్బుతోంది. గాలి ఆగితే లోపలికి పోతోంది. ఉబ్బినప్పుడు పెదవులు విచ్చుకుంటున్నాయి, లోపలికి పోయినప్పుడు మూసుకుంటున్నాయి. ఎంత నిదానంగా అంటే, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా ఉంది.

మా సెక్రటరీ తనిఖీ ఫొటోల కోసం ఫోను పైకెత్తింది. ఈ ఫోన్లు మనిషి మొహం కనిపిస్తే చుట్టూ పసుపు గీత గీస్తాయి కదా. ఫ్లెక్సీలో మొహం చుట్టూ గీసింది. అది మామూలే. తరవాత ఆ గీత జారి, కారు అద్దం మీదికి దిగి, డ్రైవరు సీటు దగ్గర ఆగింది. అక్కడ తువ్వాలు తప్ప ఏమీ లేదు. ఆ అమ్మాయి ఫోను దించేసింది. ఆ ఫొటో నేను అడగలేదు, తను ఇవ్వలేదు.

"టీచరమ్మగారూ, కన్నాలు ఇలా మూసేస్తే కుదరదండీ. నిబంధన సంగతి అలా ఉంచండి, మీకే ప్రమాదం" అన్నాను.

"కింద తెరిస్తే ఆయన కోప్పడతారండీ" అన్నారావిడ, పక్కింటివాళ్ళ గురించి చెప్పినంత మామూలుగా.

అర్థంకాక నేను వంగి దగ్గరున్న కన్నంలోంచి రెండు చొక్కాలు తీశాను. ఎదురు గోడలోవి మా సెక్రటరీ తీసింది. గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. పైన ఫ్లెక్సీ ఫెళఫెళా కొట్టుకుంది. ఆ మొహం మధ్యకి విరిగింది, కళ్ళు ఒకదాని మీదికొకటి వచ్చాయి, నోరు ఇంత తెరుచుకుని మూసుకుని తెరుచుకుని, అరుస్తున్నట్టే అయిపోయింది. గోడంతా చప్పుడు.

"చూశారా?" టీచరమ్మగారు గబగబా వచ్చి నా చేతిలో చొక్కాలు తీసుకుని మళ్ళీ కన్నంలో సర్దేశారు. మొహం నెమ్మదించింది. మళ్ళీ ఊపిరి. "ఇలా ఉంటే చక్కగా మాట్టాడతారండీ. పొద్దున్నే నేను వచ్చి నా సీట్లో కూచుంటాను. బండి స్టార్ట్ చేస్తాను. బడికి దింపేటప్పుడు ఎలా మాట్టాడేవారో అలాగే. బండి చప్పుడు లేకపోతే రారు."

"షట్టరు తెరిచే ఉంచుతారు కదండీ?"

ఆవిడ నా వంక చూసి నవ్వారు. "వీధిలోకి వినపడేలా మాట్టాడుకుంటామాండీ?"

నుదురు రుద్దుకుంటూ బయటికొచ్చారు. తలనొప్పా అని అడిగాను.

"ఆయనతో మాట్టాడితే బతికున్నప్పుడూ తలనొప్పేనండీ" అన్నారు.

అప్పుడు నాకు తట్టింది, అది పొగ తెచ్చిన తలనొప్పని. అల్లుడుగారిని కాలేజీ నుంచి పిలిపించి, ఎండలో నిలబెట్టి అంతా చెప్పాను. మూసిన షెడ్డులో ఆ పాత ఇంజను రోజూ నడుస్తోందని, ఆ పొగలో ఉండే విషవాయువుకి రంగూ ఉండదు వాసనా తెలీదని, మనం చూసే పొగ కాదు చంపేదని. బ్యాటరీ కోసం కాసేపు స్టార్ట్ చేస్తున్నారనే అనుకున్నాడట, షట్టరు ఎత్తే ఉంటుందనుకున్నాడట. "ఏడుస్తూ ఉండేవారండీ. షెడ్డు కట్టినప్పట్నుంచి నవ్వుతున్నారు. అందుకని నేనూ మా ఆవిడా ఏమీ అడగలేదు" అన్నాడు.

కారు తాళం తీసేసుకోమన్నాను. కన్నాలు తెరిచే వరకూ ధ్రువపత్రం ఇవ్వనని నోటీసు రాశాను. వారం తిరక్కుండానే ఆయన ఫోను చేశాడు. చొక్కాలు తీయించాం, ఫ్లెక్సీ చుట్టి అటక మీద పెట్టాం, తాళం మా దగ్గరే ఉంది, అత్తయ్యగారు ఒప్పుకున్నారు, వచ్చి చూసుకోండి అన్నాడు.

టీచరమ్మగారు నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి. అలాంటివాళ్ళు వెంటనే ఒప్పుకున్నారంటే నమ్మకూడదని నాకు అప్పటికి తెలీదు. ఆ కారుకు రెండో తాళం ఉంటుందని వాళ్ళింట్లో ఎవరికీ తట్టలేదు.

మేం వెళ్ళిన రోజు పొద్దుట ముసురు పట్టింది. తోటంతా నీళ్ళు కారుతోంది. కాయలు ఒలిచేవాళ్ళు రాలేదు. ఇంటి ముందుకి వెళ్ళకుండా నేనూ సెక్రటరీ తిన్నగా వెనక్కి నడిచాం. షెడ్డు ఇంకా కొంచెం దూరం ఉండగానే ఆ అమ్మాయి ఆగిపోయింది.

"సార్, ఇంజను."

మందంగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తోంది. షట్టరు దించి ఉంది. నేల దగ్గర కన్నాలన్నీ మళ్ళీ తెల్లగా ఉన్నాయి, ఈసారి కుక్కి కుక్కి పెట్టారు. వాన జల్లుకి తడిసి చొక్కాల గుడ్డ జాలీలోంచి బయటికి ఉబ్బింది.

ఆ అమ్మాయిని లెక్చరరు కోసం ఇంట్లోకి పరిగెత్తించి, నేను షట్టరు పట్టి లాగాను. లోపల గడియ. పక్క తలుపు తోశాను. కింద గోనెపట్టా అడ్డం పెట్టి ఉంది. భుజంతో తోస్తే తెరుచుకుంది. ముక్కుకి రుమాలు పెట్టుకుని లోపలికి వెళ్ళాను. గాలికి తలుపు నా వెనక దభాలున మూసుకుంది.

కారు లైట్లు వెలుగుతున్నాయి. వాటి వెలుగంతా వెనక గోడ మీద, ఆ మొహం మీద పడుతోంది. అటక మీది నుంచి ఎప్పుడు దించారో, ఎలా ఎక్కి కొట్టారో తెలీదు. కొంచెం వంకరగా కొట్టారు. ఇదివరకు తిన్నగా ఎదురుగా చూసే మొహం ఇప్పుడు కారు వైపు వంగి చూస్తోంది. నిదానంగా ఉబ్బుతోంది. నిదానంగా తగ్గుతోంది.

డ్రైవరు వైపు తలుపే నాకు దగ్గర. తీసి, లోపలికి వంగి తాళం తిప్పేశాను. ఇంజను ఆగింది. తువ్వాలు పరిచిన ఆ సీట్లోనే కూలబడ్డాను.

ఎడం పక్క సీట్లో టీచరమ్మగారు తల వెనక్కి వాల్చి ఉన్నారు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. సీటు కదిలినట్టు తెలిసి మెల్లిగా నవ్వారు.

"వచ్చేరా?" అన్నారు. "ఇవాళ ఆలస్యం చేసేరే."

నేను జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ గొంతు నాది అయ్యుండేదో కాదో ఇప్పటికీ నాకు అనుమానమే. తలలో ఇసుక పోసినట్టుంది. ఎదురుగా ఆ మొహం ఊపిరి తీస్తోంది. లేవాలని తెలుసు, ఆవిణ్ణి బయటికి లాగాలని తెలుసు, కాని ఆ పెద్దమనిషి ఎదుట ఆయన భార్య చెయ్యి పట్టుకుని లాగడం మర్యాద కాదేమో అనిపించింది. నవ్వకండి, నిజంగా అదే అనిపించింది. అందుకని ఆఫీసుకు వచ్చిన పెద్దాయనతో మాట్లాడినట్టే, ఆ మొహంతో అన్నాను.

"అమ్మగారిని బయటికి తీసుకెళ్ళిపోతానండీ."

వెనక సీట్లోంచి జవాబు వచ్చింది.

"ఆయ్. తీసుకెళ్ళండి."

అరుపు కాదు, గుసగుస కాదు. బస్సులో పక్కకి జరిగి చోటిచ్చే మనిషి గొంతు. మగగొంతు, కొంచెం అలిసిపోయినట్టుంది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలనిపించలేదని చెప్పను. మెడ తిరగలేదు.

ఎలా లేచానో తెలీదు. కారు ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాలి. కారు ముక్కుకీ గోడకీ మధ్య సన్నటి సందు. అందులోంచి వెళ్తుంటే ఫ్లెక్సీ ఉబ్బి, దాని కింది అంచు నా భుజాన్ని తాకింది. ఎడమ తలుపు తీసి టీచరమ్మగారిని చంకల కింద పట్టుకుని లాగాను. పక్క తలుపు దాకా రాలేకపోయాను. అప్పటికి అది బయటి నుంచి తెరుచుకుంది. లెక్చరరూ మా సెక్రటరీ లోపలికి వచ్చి ఇద్దర్నీ ఈడ్చుకుపోయారు. తడి గడ్డి మీద వెల్లకిలా పడుకుని, మొహం మీద వాన పడుతుంటే, అంత రుచైన గాలి నేను ఎన్నడూ ఎరగననిపించింది.

ఆస్పత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. ఆవిడ పరిస్థితి ఆ రాత్రంతా ఎటూ చెప్పలేమన్నారు. మర్నాటికి గట్టెక్కారు. డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రాడు నాకు విడమరిచి చెప్పాడు. ఆ వాయువు రక్తంలోకి ఎక్కితే మెదడుకి ప్రాణవాయువు అందదని, అప్పుడు లేనివి కనిపిస్తాయని, వినిపిస్తాయని. రోజూ కొంచెం కొంచెంగా పీల్చినావిడకి అవి అలవాటైపోయి ఉంటాయన్నాడు. "మీకూ ఏమైనా వినిపించిందాండీ?" అని అడిగాడు. లేదన్నాను.

కొన్నాళ్ళకి లెక్చరరు మా ఇంటికి వచ్చాడు. మనిషి సగం అయిపోయాడు. "ఇంటికైతే వచ్చేరు గాని, తిండి లేదండీ. మళ్ళీ షెడ్డులోకి వెళ్తానంటున్నారు. ఆయన ఎదురుచూస్తుంటారట. మేం కాపలా కాస్తున్నాం, ఎన్నాళ్ళు కాస్తాం? మీరొకసారి వచ్చి చెప్పండి సార్. లోపల ఎవరూ లేరని మీరు చెబితే వింటారు. మీతో మాట్టాడాలని ఆవిడే అడుగుతున్నారు."

వెళ్ళాను. మా సెక్రటరీ కూడా వచ్చింది. టీచరమ్మగారు వసారాలో కుర్చీలో ఉన్నారు. చీర ఇస్త్రీ లేదు, చేతికి గడియారం లేదు. నన్ను చూడగానే అల్లుణ్ణి లోపలికి వెళ్ళమన్నారు. ఆయన గుమ్మం దాకా వెళ్ళి, ఆవిడ వెనక నిలబడి, లేదని చెప్పండి అన్నట్టు నాకు చేత్తో సైగ చేశాడు.

"మీరు లోపలికి వచ్చేరు కదండీ. ఆయన సీట్లో కూచున్నారు. నిజం చెప్పండి. విన్నారా?"

ఎంతోమందికి ఎన్నో కాగితాల మీద లేదు, కుదరదు అని రాసిన చెయ్యి నాది. ఆ ఒక్క 'లేదు' నోట్లోంచి రాలేదు. అబద్ధం చెబితే ఆవిడ కనిపెట్టేస్తారు. కనిపెట్టాక ఇంకెవరి మాటా వినరు. నిజం చెబితే ఆవిడ అటే నడుస్తారేమో. రెండింటి మధ్యా కాసేపు ఊగి, నిజమే చెప్పాను.

"విన్నానండీ."

ఆవిడ కుర్చీలో ముందుకు జరిగారు. గుమ్మంలో లెక్చరరు తల పట్టుకున్నాడు.

"ఏమన్నారు?"

"అమ్మగారిని బయటికి తీసుకెళ్ళిపోతానండీ అన్నాను. తీసుకెళ్ళమన్నారండీ."

"ఉన్న మాట ఉన్నట్టు చెప్పండి. ఎలా అన్నారు?"

"'ఆయ్. తీసుకెళ్ళండి.' అంతేనండీ."

ఆవిడ పెదవులు కదిలాయి. నేను చెప్పింది మనసులో మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నట్టుంది. తరవాత నెమ్మదిగా అన్నారు.

"ఆయనది కడప వైపండీ. ఉద్యోగానికి ఇక్కడికొచ్చేరు. నన్ను చేసుకుని ఇక్కడే ఉండిపోయేరు. ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ ఆయ్ ఒక్కసారైనా రాలేదండీ. అనమని నేనూ పిల్లా ఎంత ఏడిపించేవాళ్ళమో. 'మీ ఊరి కూత నాకు రాదు' అనేవారు."

టీచరమ్మగారి మొహంలో రంగు కొంచెం కొంచెంగా దిగిపోతోంది.

"నాతో కూడా ఆయ్ అనే అన్నాడు" అన్నారు. అంతవరకూ ఆయన్ని వచ్చేరు, అన్నారు అని తప్ప అనని మనిషి. "రోజూ. నేనేమడిగినా ఆయ్. బడి విశేషాలు చెబితే ఆయ్. మళ్ళీ రేపు వస్తానంటే ఆయ్, వచ్చెయ్యి అన్నాడు. నేను పట్టించుకోలేదండీ. గొంతు ఆయనదే కదా అనుకున్నాను." చేతులు ఒడిలో పెట్టుకుని వాటి వంక చూసుకున్నారు. "ఇంతకీ నేను ఎవరితో మాట్టాడేనండీ?"

డాక్టరు చెప్పింది చెప్పాను. మన మెదడే మాట్లాడుతుందట, అందుకని మన మాటలే, మన యాసే వినిపిస్తాయట అన్నాను. బట్టీ పట్టి అప్పజెప్పిన పిల్లవాణ్ణి చూసినట్టు నన్ను చూసి తలూపారు. తప్పని అనలేదు. సరైందనీ అనలేదు.

ఆ సాయంత్రమే అల్లుడి చేత ఫ్లెక్సీ దింపించారట. కన్నాలు ఆవిడే తెరిచారట, ఒక్కరే కాకుండా, కూతుర్ని పక్కన నిలబెట్టుకుని.

మీరు అడగబోయేది నాకు తెలుసు. నేను దయ్యాల్ని నమ్ముతానా అని. మా శాఖలో వాటికి నిబంధన లేదు. డాక్టరు కుర్రాడు చెప్పింది నిజమనే నా అభిప్రాయం. ఫ్లెక్సీ వెనక నుంచి కాస్త గాలైనా రానిచ్చిన ఆ పై కన్నాలే లేకపోతే ఆ షెడ్డు ఇద్దర్ని మింగి ఉండేదన్నది మాత్రం అభిప్రాయం కాదు. అందుకే ప్లాన్లో ఆ చిన్న గళ్ళ దగ్గర మీ పెన్ను ఒక్క క్షణం ఎక్కువ ఆగాలని కోరుకుంటాను.

చివరి తనిఖీకి ఎండ బాగా కాస్తున్న రోజు చూసుకుని వెళ్ళాం. షట్టరు పూర్తిగా పైకెత్తి ఉంది. కారు లేదు. ఎవరో బంధువులు తీసుకెళ్ళారట. టీచరమ్మగారు గడియారం పెట్టుకుని నా పక్కనే ఎండలో నిలబడ్డారు. సంతకం పెట్టేముందు లోపలికి వెళ్ళి చూడాలి. నేను పెన్ను తీసి దాని మూత విప్పి, పెట్టి, మళ్ళీ విప్పుతుంటే మా సెక్రటరీ నా మొహం చూసి, తనే టేపు పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఒక్కో కన్నం దగ్గరా వంగి చూస్తూ, వెనక గోడ మూలకి, వెలుగు పడని చోటికి వెళ్ళింది. కాసేపు కనపడలేదు.

"గాలి బాగానే ఆడుతోంది సార్" అని కేక వేసింది.

"అయితే వచ్చెయ్యమ్మా" అన్నాను.

"ఆయ్" అని వినిపించింది.

ఆ అమ్మాయి గొంతే. అయినా ఆమె ఆ మూల నుంచి నడిచి, షట్టరు దాటి, ఎండలోకి అడుగుపెట్టేవరకూ నేనూ టీచరమ్మగారూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.